పది సెకన్ల గొప్ప

ఆఫీసులో ఆయన్ని అందరూ విమానం అంటారు. లాప్‌టాప్ తెరిచి పని మొదలుపెట్టగానే దాని ఫ్యాను రన్‌వే మీద పరుగెత్తుతున్నట్టు మోత పెడుతుంది, అందుకని. నలభై ఆరేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోడు. అలాంటివాడి కడుపులో ఏడాదిగా ఒక పొయ్యి రగులుతోంది. అది రాజేసినవాడు తోడల్లుడు.

భార్య చెల్లెలి భర్త అదే ఆఫీసులో, అదే వరుసలో, సరిగ్గా పక్క బల్ల దగ్గర చేరాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి కొత్త సరుకు ఇస్తారు కనక అతనికి ముప్పైరెండు జీబీల మెమరీ ఉన్న లాప్‌టాప్ దక్కింది. పన్నెండేళ్ళుగా కుర్చీ అరగదీస్తున్న విమానానికి ఎనిమిది జీబీలు.

వాళ్ళ పని వర్చువల్ మెషీన్లతో. అంటే ఒక్క లాప్‌టాప్ పొట్టలో మరో రెండు కంప్యూటర్లు కాపురం పెట్టాలి, ఒకదాంట్లో ప్రోగ్రాము, రెండోదాంట్లో డేటాబేసు. ఎనిమిది జీబీల ఇంట్లో మూడు కాపురాలంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మౌసు ఇప్పుడు కదిపితే తెర మీది బాణం గుర్తు ఆలోచించుకుని, పెద్దల్ని అడిగి, అప్పుడు కదిలేది. రెండు మెషీన్లూ లేచేసరికి పదకొండు నిమిషాలు. తోడల్లుడివి నలభై సెకన్లలో లేచేవి, అదీ చప్పుడు చేయకుండా. ఆ నిశ్శబ్దమే విమానం గుండెల్లో ముల్లులా గుచ్చుకునేది.

ఇంటికెళ్తే అక్కడా అదే పోరు.

“మా చెల్లి వాళ్ళాయన ఆరింటికల్లా ఇల్లు చేరతాడట,” అంది భార్య ఒకరోజు బట్టలు మడతపెడుతూ.

“వాడి లాప్‌టాప్ వేరు.”

“మనిషీ వేరేనని అంటోంది అది.”

ఆయన దుప్పటి రెండో కొస పట్టుకుని మడత వంకరగా పెట్టాడు.

ఇంతలో ఆయన ఎనిమిది నెలలుగా కట్టుకొస్తున్న ప్రోగ్రాముని కస్టమర్లకి చూపించే రోజు వచ్చింది. మేనేజరమ్మ ముందే తేల్చి చెప్పింది: “ఎవరు చూపిస్తే ఇకముందు ఆ పని బాధ్యత వాళ్ళదే. మీ లాప్‌టాప్ మొరాయిస్తే పక్కన మీ తోడల్లుడి దాంట్లోనూ ఒక కాపీ పెట్టించాను.”

కాపీ అన్న మాట వినగానే విమానానికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. శుక్రవారం సాయంత్రం రెండు మెషీన్లనూ చక్కగా అమర్చుకున్నాడు. పూర్తిగా ఆపేస్తే మళ్ళీ పదకొండు నిమిషాలు. అందుకని ఉన్నవాటిని ఉన్నట్టే నిద్రపుచ్చి మూత వేశాడు. అలా నిద్రపుచ్చినవి పది సెకన్లలో కళ్ళు తెరుస్తాయి. అక్కడితో ఆగితే బాగుండేది.

“నాదీ ఇప్పుడు పది సెకన్లలో లేస్తోంది తమ్ముడూ,” అన్నాడు వెళ్తూ వెళ్తూ. “కాస్త సెట్టింగులు మార్చాను.”

“ఏం సెట్టింగులన్నయ్యా? నాకూ చెప్పు.”

“అదంతా అనుభవం మీద తెలుస్తుందిలే.”

కదిపితే లేచి ఏడుస్తుందని పసిపిల్ల ఉయ్యాల ముట్టుకోనివాడిలా, మంగళవారం దాకా ఆ మూత తెరవలేదు.

మంగళవారం పదింటికి గదిలో ముగ్గురు కస్టమర్లు, మేనేజరమ్మ, ఓ మూల తన లాప్‌టాప్‌తో తోడల్లుడు. విమానం పెద్ద తెర కేబులు తగిలించి మూత తెరిచాడు. మెషీన్లు పది సెకన్లలో లేచాయి. ఆయన ఓరగా తోడల్లుడి వైపు చూసి, కస్టమర్ల పేరుతో లాగిన్ కొట్టాడు.

‘మీ అనుమతి ఇంకా మొదలు కాలేదు’ అంది తెర.

మళ్ళీ కొట్టాడు. అదే మాట. కస్టమర్లకి లోపలికెళ్ళే అనుమతి సోమవారం నుంచి ఇచ్చారు. మెషీన్ గడియారం చూస్తే అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రమే నడుస్తోంది. నిద్రలోంచి లేచిన మెషీనుకి మధ్యలో నాలుగు రోజులు గడిచాయని ఎవరూ చెప్పలేదు. టైము సరిచేయడం ఒక్క లైను పని. కానీ ఆ లైను పెద్ద తెర మీద కొట్టాడంటే తోడల్లుడికి సెట్టింగుల బండారం తెలిసిపోతుంది.

“నెట్‌వర్క్ ఏదో తేడాగా ఉన్నట్టుంది,” అన్నాడు.

“సరే, ఆ కేబులు ఇటివ్వండి,” అని మేనేజరమ్మ తోడల్లుడికి సైగ చేసింది.

తోడల్లుడి లాప్‌టాప్‌లో ప్రోగ్రాము రెప్పపాటులో తెరుచుకుంది. విమానం ఆరు వారాలు తల పగలగొట్టుకుని రాసిన లెక్కల పేజీ వెన్నలా జారిపోతోంది.

“ఇది... రిపోర్టు,” అన్నాడు తోడల్లుడు. “ఇది కూడా రిపోర్టే.”

తన పిల్లని ఎవరో ఎత్తుకుని, పేరు కూడా తెలియక, ముద్దులాడుతున్నట్టుంది విమానానికి. పైగా ఆ పిల్ల కిలకిలా నవ్వుతోంది. తన దగ్గర ఏనాడైనా అలా నవ్విందా?

“ఆ పేజీలో ఈ వరుస ఎర్రగా ఎందుకుంది?” అడిగాడు ఒక కస్టమరు.

తోడల్లుడు విమానం వైపు చూశాడు. విమానం నేల చూపులు చూశాడు. గదిలో ఒక దగ్గు వినిపించింది.

“కేబులు ఇలా ఇవ్వు తమ్ముడూ,” అన్నాడు చివరికి. “నెట్‌వర్కూ లేదు, గాడిదగుడ్డూ లేదు. శుక్రవారం నుంచి మెషీన్లని నిద్రపుచ్చి ఉంచాను, గడియారం అక్కడే ఆగింది. మామూలుగా లేపితే పదకొండు నిమిషాలు. నీ ముందు చిన్నబోవడం ఇష్టంలేక పది సెకన్లని కోశాను.”

కస్టమర్లలో ఒకావిడ ఫక్కున నవ్వింది. “మా ఆఫీసులో నాదీ అలాంటిదేనండీ,” అంది.

ఆ ఒక్క లైనూ కొట్టాడు. లాగిన్ అయింది. పేజీకీ పేజీకీ మధ్య తెర గుడ్లప్పగించి చూస్తుంటే, ఆ ఖాళీలో వాళ్ళు ప్రశ్నలు అడిగారు. ఎరుపు ఎందుకో, ఎప్పుడు ఆకుపచ్చ అవుతుందో, అది కనిపెట్టడానికి ఎన్ని తప్పుదారులు తొక్కాడో అన్నీ చెప్పాడు. అరగంట అనుకున్నది గంటన్నర సాగింది. వెళ్ళేముందు కస్టమర్లు, “ఇకమీదట వీరితోనే మాట్లాడతాం,” అన్నారు మేనేజరమ్మతో.

నడవాలో తోడల్లుడు వెనకే వచ్చాడు.

“నాకెవరూ ఒక్క ముక్క వివరించి చెప్పే పని పెట్టరన్నయ్యా. అన్నీ చకచకా అయిపోతాయి, నేనేం చేశానో నాకే తెలియదు. నిన్ను చూస్తే కుళ్ళొచ్చింది నాకివాళ.” పక్కకొచ్చి అడిగాడు. “ఆ పనిలో నన్నూ వేసుకుంటావా?”

వేసుకోక తప్పదని, ఆ ముప్పైరెండు జీబీలు లేకుండా ఈ పని సాగదని విమానానికి బాగా తెలుసు.

“చూద్దాంలే,” అన్నాడు. ఏడాది తరవాత మొదటిసారి నోటికి రుచి తెలిసిన మాట అది. భోజనాల గది దాకా దాన్ని అలాగే చప్పరిస్తూ, కావాలనే నెమ్మదిగా నడిచాడు.