తీసినోళ్లే ఎయ్యాలె

కోరుట్ల నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. "ఆపా పోయింది, అక్కా" అన్నాడు ఆమె తమ్ముడు. సిరిసిల్లలో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. కోరుట్లలో దిగి ఆమె ఇంటికి చేరేసరికి ఆ ఏడుపు కాస్తా కోపమైంది. ఎందుకో చెప్తాను.

ఉర్దూలో ఆపా అంటే అక్క. నా పెళ్లికి ముందు, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, కోరుట్లలోని ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో ఆమె, నేను కలిసి పాఠాలు చెప్పేవాళ్లం. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. పిల్లలు రాని రోజుల్లో షట్టర్ సగం దించి ఆపా తన సొంత పనికి కూర్చునేది. కంటైనర్ అని, ఒకే కంప్యూటర్లో వేర్వేరు ప్రోగ్రాములను విడివిడి గదుల్లో పెట్టినట్టు నడిపే ఒక రకం సాఫ్ట్‌వేర్. అది ఎవరి సొత్తూ కాదు, ఏ దేశం వాళ్లయినా చూడొచ్చు, బాగుచేయొచ్చు. ఎక్కడెక్కడివాళ్లో రాసిన దాంట్లో ఆమె చిన్న చిన్న తప్పులు వెతికి దిద్దేది, అక్కర్లేని వరుసలు తీసేసేది. ఏం చేస్తున్నావని అడిగితే "సాఫ్ చేస్తున్న" అనేది, ఇల్లు ఊడ్చే మనిషి చెప్పినంత మామూలుగా.

నాకు మొదట్లో అర్థం కాలేదు. "ఒక్క ఇంట్ల నాలుగు కిరాయి కుటుంబాలున్నయనుకో, చెల్లె. ఎవల పొయ్యి ఆళ్లదే, బోరు మాత్రం ఒక్కటే. ఒకలు ఖాళీ చేసి పోతరు, నల్లా బంద్ చెయ్యరు. నీళ్లు పోతనే ఉంటయి. మిగిలినోళ్లకు ఎందుకు తక్కువైతున్నయో సమజ్ కాదు. నేను గా నల్లాలు బంద్ చేస్త, గంతే" అంది. ఎవరైనా ఫైలు తెరిచి మూయకుండా వదిలేసిన చోటు కనిపిస్తే మాత్రం పళ్లు నూరేది. "తీసినోళ్లే ఎయ్యాలె. గింత అకల్ లేకపాయె" అనేది. ఆ మాట సెంటర్ తలుపుకీ, మా టిఫిన్ డబ్బాల మూతలకీ కూడా వర్తించేది. ఈనాటికీ నా ఇంట్లో నల్లా ఊరికే కారదంటే ఆమె పుణ్యమే.

మా వైపు ఇంటికొక మగమనిషి గల్ఫ్‌లో ఉంటాడు. కంటైనర్ అంటే ఓడ మీద వచ్చే ఇనుపపెట్టె, ఇంకోటి కాదు. ఆపా పక్కింటావిడ ఒకరోజు సెంటర్‌కే వచ్చింది.

"ఆపా, మా ఆయన దుబాయ్ నుంచి టీవీ ఏసిండట. నీ కంటైనర్ల అస్తుందేమో జర సూడరాదు?"

నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాను. ఆపా ఆమెను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "నాది గా కంటైనర్ కాదమ్మా, దీంట్ల టీవీ పట్టది" అని ఓపిగ్గా చెప్పింది. ఆవిడ నమ్మలేదు. టీవీ వచ్చాక ఆపాకు సకినాలు పట్టుకొచ్చింది.

అది అమాయకపు పొరపాటు. జగిత్యాలలో జరిగింది వేరు. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీ, పేరు రాయను, ల్యాబ్‌లో చెప్పడానికి మనిషి కావాలంది. మా సెంటర్ అప్పటికే మూతపడేలా ఉంది. ఆపా ఆ కొలువు మీద చాలా ఆశ పెట్టుకుంది. "పిల్లలకు కొత్తది రాసుడు అందరు నేర్పుతరు. ఉన్నదాన్ని సదివి బాగుజేసుడు నేను నేర్పుత" అంది.

ఇంటర్వ్యూకు నేనూ తోడు వెళ్లాను. తెలంగాణ కోసం సమ్మె కాబట్టి బస్సుల్లేవు. ఆటోలో పోతుంటే దారిలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఇంటర్వ్యూకు పోతున్నామంటే ఒక పెద్దాయన అడ్డం పెట్టిన రాళ్లు తీయించాడు. "కొలువుల కోసమే గదా బిడ్డా గీ లొల్లంత. తిని పోండ్రి" అన్నాడు. తిన్నాం.

కాలేజీలో నేను కిటికీ పక్కన బయట కూర్చున్నాను. లోపల ముగ్గురు, ముగ్గురి జేబులకీ జై తెలంగాణ బిళ్లలు.

"ఏం చేస్తవమ్మా?"

"కంటైనర్ సాఫ్ట్‌వేర్ల తప్పులు దిద్దుత సార్. కోడ్ సాఫ్ చేస్త."

"కంటైనర్లు సాఫ్ చేస్తవా? అయితే ఓడరేవుకు పోవాలె గని, ఈడికచ్చినవేంది?"

ముగ్గురూ నవ్వారు. ఆ అడిగినాయన పక్కింటావిడ కాదు, కంప్యూటర్ చదువే చదివినవాడు. తెలిసే నవ్వాడు.

"సరే, కొత్తగ ఏం కనిపెట్టినవ్?"

"కొత్తది ఏం లేదు సార్. ఉన్నది ఆగిపోకుంట సూస్తున్న."

"గదిగూడ ఒక పనేనా?"

కొలువు వేరేవాళ్లకు పోయింది. మన కొలువులు మనకే అని రోడ్ల మీద గొంతు చించుకున్నవాళ్లే, మన మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే నవ్వి పంపారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆపా మాత్రం వచ్చేటప్పుడు ఆ గది తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చింది. నేనైతే విరిగేలా కొట్టేదాన్ని.

సెంటర్ మూతపడ్డాక ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ సాఫ్ పని చివరిదాకా చేసింది. నేను సిరిసిల్ల కోడలినయ్యాక ఈ సంగతి చెబితే, బతుకంతా మరమగ్గాల చప్పుడులో గడిపిన మా అత్తమ్మ "తెగిన పోగులు అతుకుతదన్నట్టు. అతకకపోతే బట్టేడిది?" అంది. ఆపాకు ఫోన్ చేసి చెప్తే చాలాసేపు నవ్వింది.

ఇక నా కోపం సంగతి. ఇంటికి చేరేసరికి గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ కాలేజీదే. ఆమె దిద్దిన కోడ్ ఎన్నో దేశాల్లో నడుస్తోందని ఎవరో ఫోన్లలో పంపారట, అప్పుడు వాళ్లకు ఆపా గుర్తొచ్చింది. 'ప్రపంచస్థాయి సాఫ్ట్‌వేర్ ఆవిష్కర్త, జగిత్యాల ముద్దుబిడ్డకు అశ్రునివాళి' అని రాయించారు. జిల్లా జగిత్యాలే కావచ్చు, ఆమె ఊరు కోరుట్ల. ఆమె ఏదీ ఆవిష్కరించలేదు, ఆ మాట వాళ్ల ముందే చెప్పింది. బతికుండగా ఆ పనిని చూసి నవ్వారు, పోయాక ఆ పనినే దాచిపెట్టి అబద్ధం కట్టారు. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

కాలేజీ నుంచి వచ్చినాయనతో అన్నాను: "సార్, గది తప్పు. ఆపా కనిపెట్టలే, బాగుచేసింది."

"చిన్న తప్పే గదమ్మా. ఎవలు సూస్తరు?" అన్నాడు.

ఆమె బతుకంతా పోట్లాడింది ఆ మాటతోనే.

జనాజాను భుజాలకెత్తుకుని మగవాళ్లు శ్మశానానికి వెళ్లిపోయారు. కాలేజీవాళ్లు ఫ్లెక్సీ పక్కన ఫొటో దిగి కారెక్కారు. గేటు బార్లా తెరిచి ఉంది. ఎవరివో మేకలు లోపలికొచ్చి ఆపా పెంచిన కరివేపాకు చెట్టును తింటున్నాయి. వాటిని తరిమి గేటు వేయబోతే కదల్లేదు. ఫ్లెక్సీ తాడుతో గేటు రెక్కను గోడకు బిగించి కట్టారు. పళ్లతో లాగి ముడి విప్పాను. ఫ్లెక్సీ ఒక పక్కకు జారి, 'ఆవిష్కర్త' మడతలోకి పోయింది. గేటును దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టాను.