చర్చి మెట్ల మీద చెప్పులు

పోర్చుగల్ టూరులో పొద్దున కోట చూసి, మధ్యాహ్నం మేరీమాత చర్చికి పోయినాం. మెట్ల దగ్గర అలవాటుగా చెప్పులు విడిచినాను. మా ఊరు తిరుమణిలో మా చేను సోలార్ పార్కు కిందికి పోకముందు, సెనక్కాయల కళ్లంలోకి కూడా చెప్పులతో పోయేవాళ్లం కాదు.

"ఏందే ఇది? అందరూ మననే చూస్తాండారు. ఏసుకో," అని మా ఆయన పళ్లు కొరికినాడు. నిజమే, వట్టికాళ్లతో ఉండేది నేనొక్కదాన్నే. సిగ్గుతో తల వంచుకుని చెప్పుల్లో కాలు పెట్టబోయినాను.

అంతలో, బస్సులో మా పక్క సీటులో కూర్చున్న తెల్ల ముసలామె వచ్చింది. తన బూట్లు విప్పి నా చెప్పుల పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

తిరిగొచ్చేసరికి మెట్ల మీద మూడు జతలున్నాయి. పక్కన మా ఆయన వట్టికాళ్లతో నిలబడి ఉన్నాడు.

"ఎవరన్నా ఎత్తుకపోతారని కాపలా ఉన్నా," అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.