సిరోమ్ లేచి నిలబడ్డాడు

మా దీవిలో అన్న కూర్చుని ఉంటే చెల్లెలు పాకుతూ దాటాలి, లేదా అన్నే లేచి దారివ్వాలి. సిరోమ్ ఎప్పుడూ లేవడు. అందుకే అతని చెల్లెలు ఇనెపి మోకాళ్లు కాయలు కాచిపోయాయి. చంకలో సీమపనస బుట్టతోనే పాకి, దులుపుకుని, మళ్లీ పరుగెత్తుతుంది. పాకడం, పరుగెత్తడం తప్ప ఆమెకు నడక తెలియదు.

రేవులోని జపాన్ యుద్ధనౌకల మీద అమెరికా విమానాలు విరుచుకుపడిన పొద్దున, ఇనెపి తల్లిని వీపున వేసుకుని కొండ మీది గుహలో దాక్కోవడానికి ఎక్కింది. కింద నూనె ట్యాంకులు మండుతున్నాయి. గుహ వాకిట్లో బండ మీద కూర్చుని సిరోమ్ వేడుక చూస్తున్నాడు. ఒక విమానం కొండవైపు తిరిగింది. అతని ముందుకు చేరిన ఇనెపి అలవాటుగా మోకాళ్లు వంచింది. తల్లి జారిపోబోయింది.

"లేవరా దొరా," అని తల్లి అరిచింది. "నీ చెల్లెలు దాటాలి."

సిరోమ్ సిగ్గుపడి పక్కకు గెంతాడు. ఇనెపి నిటారుగా లోపలికి దూసుకుపోయింది. మరుక్షణం అతను కూర్చున్న బండను తూటాలు పెచ్చులుగా లేపాయి. సిరోమ్ కూడా లోపలికి దూకాడు. ఇనెపి రొప్పుతూ నవ్వుతోంది. అతను గోడకు ఆనుకుని కూర్చోబోయాడు.

"కూర్చోకురా," అంది తల్లి. "మళ్లీ పాకించకుండా దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ."

గుహ కప్పు బాగా కిందికి ఉంది. విమానాలు వెళ్లిపోయేదాకా సిరోమ్ మెడ వంచుకుని నిలబడ్డాడు.