అక్క కోసం కంపైల్ చేసిన గొంతు

నేను దెయ్యాల్ని నమ్మను. ఇది చదివినాక కూడా నన్ను నమ్మేవాళ్లలో కలపొద్దు. తోటపల్లి గూడూరులో నేను అద్దెకు దిగిన ఇంట్లో అంతకుముందు ఒకాయన ఉరేసుకున్నాడని అందరూ వద్దన్నారు. ఏళ్ల తరబడి అదే గదిలో హాయిగా నిద్రపోయినాను.

మా అక్క రత్నమ్మది పక్క ఊరే. షుగర్ వల్ల చూపు పోయింది. రొయ్యల గుంట చేసే మా బావ అంతకుముందే గుండెపోటుతో పోయినాడు. నా దగ్గరికి రమ్మంటే అక్క రాదు. వంట, బట్టలు అన్నీ తడుముకుంటూ తనే చేసుకుంటుంది. పేపరు మాత్రం ఎవరో ఒకరు చదివి వినిపించాల. అది ఆమెకు చిన్నతనం. నాలుగు ముక్కలు వినేదానికి కూడా మనిషిని బతిమాలుకోవాల్నా అనేది.

అందుకని నా పాత కంప్యూటరు ఆమె ఇంటికి పట్టుకుపోయినాను. తెలుగు అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. రెడీమేడ్‌గా దొరికేది ఆ పాత మిషన్‌లో ఎక్కలేదు. సోర్స్ కోడ్, అంటే దాన్ని రాసిన అసలు రాత దించుకుని, ఆ మిషన్‌లో నడిచేటట్టు నేనే కంపైల్ చేయాల్సొచ్చింది. దానికి కావాల్సిన లైబ్రరీ ఫైలు ఒకటి లేదని ఆగింది, తెచ్చిపెట్టినాను. ఇంకోటి పాతదని ఆగింది, మార్చినాను. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎర్రర్లన్నీ పోయి ఇన్‌స్టాల్ అయింది. ఇంక దానికి నెట్‌తో పనిలేదని నెట్ తీసేసినాను.

ఆ గొంతు గురించి చెప్పాల. అందులో మనిషి రికార్డింగ్ ఏదీ లేదు. అక్షరాన్ని బట్టి శబ్దాన్ని అదే పుట్టిస్తుంది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. మనం ఇచ్చిన వాక్యం చదవడం తప్ప దానికేమీ చేతకాదు.

ముందురోజంతా ముసురు. పెరడు తడిగా ఉంది. ట్యాంకులో నీళ్లయిపోయినాయని అక్క మోటారు వేసేదానికి లేచింది. నేను వేస్తానంటే ఒప్పుకోలేదు. ఆమె పెరటి గడప దాటబోతా ఉంటే, నేను ‘అక్కా, బాగున్నావా’ అని టైపు చేసి చదవమని నొక్కినాను.

"మోటారు తాకబాకు మ్మే."

అదే డబ్బా గొంతు. మాట మాత్రం అచ్చం మా బావ అనే తీరు.

అక్క గడప మీదే నిలబడిపోయింది. "నువ్వు రాసినావా అది?" అనింది.

లేదన్నాను. స్క్రీన్ మీద నేను రాసిందే ఉంది. మళ్లీ నొక్కితే బుద్ధిగా ‘అక్కా, బాగున్నావా’ అనే చదివింది.

నాకు కోపమొచ్చింది. మోటారుకేమీ కాలేదని తేల్చేద్దామని టెస్టర్ తీసుకుని పెరట్లోకి పోయినాను. స్విచ్చుండే ఇనప పెట్టెకి ఆనిస్తే టెస్టర్‌లో లైటు వెలిగింది, పెట్టెకే కరెంటు వస్తా ఉంది. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించినాను. లోపల వైరు ఒరుసుకుని పెట్టెకి తగులుతోంది, ఎర్తింగ్ కూడా తెగిపోయింది. ఈ తడిలో వట్టి కాళ్లతో పట్టుకుని ఉంటే మనిషి దక్కేది కాదన్నాడు.

బావ ఆత్మే కాపాడిందని ఊళ్లోవాళ్లు తేల్చేసినారు. వాళ్లతో ఈరోజుకీ వాదిస్తాను. మా వైపు ఆడవాళ్లని మ్మే అనని మగాడెవడు? అని అడుగుతాను. అయితే కోడంతా వెతికినాను. ఆ వాక్యం లేదు. అదే కోడ్‌ని మళ్లీ మళ్లీ కంపైల్ చేసి, అదే మాట టైపు చేసి చూసినాను. రాసింది చదవడమే తప్ప ఇంకొక ముక్క మాట్లాడలేదు.

భయంగా ఉంటే తీసేస్తానని అక్కతో అన్నాను.

"తీసేయబాకు. ఈసారి మాట్లాడితే నేను కూడా అనాల్సినవి చానా ఉండాయి" అనింది.

రోజూ ఆ గొంతుతోనే పేపరు వింటా ఉంది. పెట్టెలోకి కరెంటు ఎట్లా వచ్చిందో ఎవరడిగినా చెప్పగలను. ఆ మాట ఎట్లా వచ్చిందంటే తెలీదు. తెలీదని చెప్పేదానికి నాకు సిగ్గు లేదు. దాన్ని దెయ్యమని మాత్రం నా నోటితో అనిపించలేరు.