ఉమ్ సలాల్ మేకపోతు బేరం

దసరాకు ముందు వచ్చిన శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు నా పెద్దరికం పోయింది. ఖతర్‌లో ప్రపంచ కప్ స్టేడియాల పనులు జోరుగా సాగుతున్న రోజులవి. మా కూలీల క్యాంపులో దసరాకు కోసే మేకపోతును దోహా శివార్లలో ఉమ్ సలాల్ అనే ఊళ్లోని ఒక తోటలోనే కొనేవాళ్లం. అక్కడి ముసలి అరబ్బుతో ఏటా బేరమాడేది నేనే. మాలో అరబ్బీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

ఆ ఏడు సెంట్రింగ్ పని చేసే మా ఊరివాడు నాకంటే ముందే బండి దిగాడు. ఎవరో తెలుగాయన తయారుచేసి ఫోన్‌లో ఉచితంగా పెట్టిన అరబ్బీ పాఠాలు కొన్నాళ్లుగా నేర్చుకుంటున్నాడు. దిగుతూనే సలాం చెప్పి, ఒంట్లో ఎలా ఉంది, పిల్లలు బాగున్నారా అని అరబ్బీలోనే అడిగాడు. ముసలాయన మొహం విప్పారింది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, పెద్దవాళ్లకు పోసే మొదటి కాఫీ వాడికే పోశాడు. అన్నేళ్లలో నాకు ఒక్క చుక్క పోసిన పాపాన పోలేదు.

నాకు కడుపు మండింది. "మేక సంగతి అడుగురా, యల్లా!" అన్నాను.

"ఆగు కాకా! నువ్వు అరబ్బీ మాట్లాడితే ఫోర్‌మన్ ఒర్రినట్టే ఉంటది."

ఉండదా మరి? నాకు అరబ్బీ నేర్పింది ఫోర్‌మన్ కేకలే. తే, ఎత్తు, యల్లా అంటే తొందరగా, మాఫీ అంటే లేదు. బాగున్నావా అని నన్నెవడు అడిగాడు, నేను నేర్చుకోవడానికి?

బేరం కూడా వాడే కుదిర్చాడు. మేకపోతుతో తిరిగొస్తూ బండిలో నా ఫోన్ వాడి ఒళ్లో పడేశాను. "ఆ పాఠాలు ఇండ్ల ఎక్కియ్యి."

"చదువుతవా కాకా?"

"యాభై దాటినంక అక్షరాలు నేర్చినోన్ని. వచ్చే దసరాకు బేరం నాదే."

ఆనాడు ఆ చాప మీద ఉన్నది ముసలి అరబ్బు, బండి నడిపిన మా గదివాడు, ఆ సెంట్రింగువాడు, నేను. మొదటి కాఫీ ఎవరికి దక్కిందో అందరూ చూశారు.