నాలుగో చన్ను దూడది

ఫోను మోగితే నాకు గుండె దడ. ఆ పొద్దు రెండుసార్లు మోగినా ఎత్తలేదు. మూడోసారి ఎత్తితే, మా వదిన నిద్రలోనే పోయిందని చెప్పినారు. వానొస్తే భయపడినాను, ఆవు మేత ముట్టకపోతే భయపడినాను, బస్సు ఎక్కినా దిగినా భయపడినాను. మా వదిన పోతాదని మాత్రం ఒక్కనాడూ భయపడలేదు.

మీలో చానామందికి ఆమె మన పాల కంపెనీ ప్రెసిడెంటమ్మ. నాకు మా అన్న పెండ్లాం. నాకు డెబ్బై ఏండ్లొచ్చినా నన్ను "పాపా" అనే పిలిచేది. సత్యవేడు పక్కన మన పల్లెల ఆడోళ్లమంతా తలా ఒక వాటా కట్టి కంపెనీ పెట్టిన రోజు, నేను సంతకం పెట్టను జంకి పెన్ను పట్టుకోని కూచోని ఉంటే, "నీ పేరే కదా పాపా రాసేది, అంత భయమెందుకే?" అని నవ్వింది.

మొదటిసారి లాభం వచ్చిన ఏడు మీకు గుర్తుండే ఉంటాది. తలా ఇంత పంచుతారని అందరం కాచుకోని ఉన్నాము. నా ఇంటికప్పు కారతా ఉన్నింది. ఆ దుడ్డుతో రేకులు వేయించాలని నా ఆశ. మా వదిన లేచి, "ఈ ఏడు పంచేది లేదు. పాలు చల్లబెట్టే కూలరు కొందాం" అనింది. నాకు ఒళ్లు మండింది.

"నీది మిద్దె ఇల్లు, నీకేం వదినా! నన్ను పోయి కూలరు కింద పండుకోమంటావా?" అని అందరి ముందరా అరిచినాను.

మర్నాడు నా వాటా నాకు ఇచ్చేయమని కాగితం రాసుకోని పోయినాను. ఆమె ఆవు దగ్గర ఉండాది. లేవలేదు. మూడు చన్నులు పితికి, చెంబు పక్కన పెట్టి దూడను వదిలింది.

"ఇస్తాలే పాపా, నీ దుడ్డు నీది. అయితే ఒకటి చెప్పు. నువ్వూ నాలుగో చన్ను దూడకే కదా వదిలేది. ఎందుకు?"

"దూడ బతకొద్దా మరి?"

"నిన్న నేను చెప్పిందీ అదే" అనింది.

కాగితం కొంగున ముడేసుకోని ఇంటికొచ్చేసినాను.

ఆ వానాకాలం ఇల్లంతా గిన్నెలు పెట్టుకున్నాను. ఒకరోజు టార్పాలిన్ పట్ట చంకన పెట్టుకోని ఆమే వచ్చింది. "నీ కూలరూ చల్లగా ఉండాది, నా నెత్తీ చల్లగా ఉండాది వదినా" అంటే, పడీపడీ నవ్వి, నిచ్చెనెక్కి తనే కప్పింది.

మరుసటి ఎండాకాలం పాల లారీ రెండు దినాలు రాలేదు. చుట్టుపక్కల ఊళ్లల్లో పాలు విరిగి కాలవలో పోసినారు. మన పాలు చుక్క చెడలేదు. అప్పటినుంచి మంచి రేటు ఇచ్చేవాళ్లు మనల్ని వెతుక్కుంటా వచ్చినారు. ఆ తర్వాత పంచిన లాభంతోనే నా ఇంటికి రేకులు పడినాయి. ఒక్క ఆవు నాలుగైనాయి.

ఆమె చేసిందంతా సరి అనను. పన్నీరు మిషను కొని నష్టపోయినాము. దాన్ని ఆమె దాచలేదు. ఆ మిషను తొట్టి బోర్లించి, ప్రతి మీటింగులో దాని మీదనే కూచునేది. "నా తప్పు మీద నేనే కూచుంటే, ఇంకోటి చెయ్యబోయేముందు గుచ్చుకుంటాది" అనేది.

పోయిన వారం మీటింగులో ఆ తొట్టి మీద ఎవురూ కూచోలేదు. ఈ ఏటి లాభంతో ఆమె పేరున ఊరి ముందర ఆర్చి కట్టాలన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. అందరిలో లేచి మాట్లాడాలంటే భయం, అందుకే రాస్తా ఉండాను. మీరేమనుకుంటారో అని మూడుసార్లు చించి మళ్లా రాసినాను. ఆర్చి వద్దు. పక్క పల్లెలోళ్లు ఎండలో క్యాన్లు మోసుకోని నడస్తా ఉండారు. ఆడ ఇంకో కూలరు పెట్టండి.

ఆమె పోయిన పొద్దు కూడా ఆవులు ఆగవు కదా. ఆమె ఆవును నేనే పితికినాను. మూడు చన్నులయినాక దూడను వదిలినాను. అది పొదుగును తలతో ఒక పోటు పొడిచి, తోకాడిస్తా, మూతినిండా నురగతో తాగతా ఉంటే, చెంబు పట్టుకోని ఆడనే నిలబడిపోయినాను.