మొగలి అని కామందు పెట్టిన పేరు

నా పేరు మొగలి. ఎవరడిగినా గట్టిగానే చెబుతాను. విన్నవాళ్ళలో సగంమంది ముక్కు చిట్లిస్తారు, తక్కినవాళ్ళు అయ్యో పాపం అన్నట్టు చూస్తారు. ఆ జాలి చూపు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది రాజోలు దగ్గర ఒక కామందు పొలాల్లో తరతరాలుగా చాకిరీ చేసిన కుటుంబం. ఆ రోజుల్లో బిడ్డ పుడితే పేరు మేము పెట్టుకోకూడదు. పురిటి రోజులు గడిచాక బిడ్డను చేటలో పడుకోబెట్టుకుని కామందు కళ్ళం దగ్గరకు వెళ్ళి దూరంగా నిలబడాలి. ఆయన నోటివెంట ఆ పూట ఏ మాట వస్తే అదే పేరు. మా పేటలో ఒకడి పేరు చీపురు, ఒకామె పేరు పిడక. అమ్మ నన్ను తీసుకువెళితే ఆయన పక్కవాళ్ళ వైపు చూసి నవ్వి, మొగలి అని పిలుచుకోమన్నాడట.

అమ్మ ఆ పేరు పట్టుకుని పేటంతా తిరిగింది. అయ్యగారు నా కూతురికి పువ్వు పేరు పెట్టేరు అని ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఆ పువ్వు సంగతి అమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వానలు పడ్డాక మురుగుకోడు గట్టున మొగలి పొదల్లోకి దిగి, గెడకు కొడవలి కట్టి పూల పొత్తులు కోసేది ఆవిడే. ఆకుల అంచున రంపంలా ముళ్ళు. మోచేతుల దాకా నెత్తుటి గీతలతో వచ్చేది. కోసినవన్నీ కామందుగారి పెరటి గుమ్మం దగ్గర పెట్టి రావాలి. లోపలి ఆడవాళ్ళు ఆ రేకులు జడల్లో కుట్టుకునేవారు. మావాళ్ళు తలలో పువ్వు పెట్టుకుంటే ఊరుకునేవారు కాదు. నేను మాత్రం అమ్మ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని పడుకునేదాన్ని.

మిషను దొరసానిగారి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పెద్దదాన్నయ్యాక బాప్తిస్మం తీసుకుంటానన్నాను. మాకు వాక్యం చెప్పే ఉపదేశిగారు చదువుకున్న మనిషి, మంచివారే. ఒకనాడు నన్ను కూర్చోబెట్టి నా పేరు పుట్టుపూర్వోత్తరాలు విప్పారు. కేతకి అన్నా మొగలి అన్నా ఒకటేనట. శివుడి తల చూశానని బ్రహ్మ అబద్ధమాడితే, ఆ పువ్వు అవునని సాక్ష్యం చెప్పిందట. పూజకు పనికిరాకుండా పొమ్మని శివుడు శపించాడట.

"కామందుగారు నిన్ను వెక్కిరించేరమ్మా. దేవుడికి పనికిరానిదానివని ఆ పేరుకి అర్థం. బైబిల్లోంచి మంచి పేరు చూసేను, బాప్తిస్మమిచ్చే దొరగారితో కూడా చెప్పేసేను," అన్నారు.

సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. ఆ వెనకే కోపం వచ్చింది. పేరు మార్చుకుంటే ఎందుకని అమ్మ అడుగుతుంది. ఊరంతా చెప్పుకుని మురిసిపోయిన మనిషికి, అది వెక్కిరింతే అని నా నోటితో ఎలా చెప్పను? మార్చుకోనండీ అన్నాను. అలాగైతే బాప్తిస్మం లేదన్నారు ఆయన. వద్దులెండి, మానేస్తాను అని లేచి వచ్చేశాను. దారంతా ఏడ్చాను, అబద్ధమెందుకు?

నేను మొండికేశానని ఉపదేశిగారు సాయంత్రం మా గుడిసెకే వచ్చి, కథంతా అమ్మకు చెప్పేశారు. అమ్మ నిదానంగా గంజి కలుపుతూ ఆయ్, ఆయ్ అంటూ విన్నది. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది.

"నాకు ఆవేళే తెలుసే. ఆ గుమ్మం దగ్గరికి ఇన్నేళ్ళు ఆ పూలు మోసినదాన్ని, దేవుడి గదిలోకి ఒక్క రేకయినా వెళ్ళదని తెలీదా? ఏడుస్తూ వస్తే అది ఆయన తిట్టు. నవ్వుతూ తెచ్చుకున్నాను, నా కూతురి పేరైంది."



ఆదివారం బాప్తిస్మాలకని కొత్తగా తవ్విన కాలువ దగ్గరికి పేటంతా కదిలింది. మానేస్తానన్నదాన్ని, పద అంటూ అమ్మే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పేరు మార్చుకోడానికి ఒప్పుకున్నాననుకుని ఉపదేశిగారు నన్నూ వరసలో నిలబెట్టారు. తన కూలీలు ఏం చేస్తున్నారో చూద్దామని కామందు కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నడుములోతు నీళ్ళలో నిలబడ్డ దొర, నా తల మీద చెయ్యి పెట్టి పేరేమిటని అడిగాడు. ఉపదేశిగారు నోరు తెరిచారు. అంతకన్నా ముందే ఒడ్డునుంచి అమ్మ గొంతు వినబడింది.

"మొగలి అండీ."

దొర ఉపదేశి వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తిరగని నాలుకతో నన్ను మొగలి అనే పిలిచి నీళ్ళలో ముంచాడు.

నేను నీళ్ళలోంచి పైకి లేచాను. కామందు ఎదుట ఏనాడూ తలెత్తి మాట్లాడని అమ్మ, ఆయన వైపు తిరిగి, వినబడలేదేమోనని ఆ పేరు మళ్ళీ చెప్పింది.